కొలతల పట్టికకు కాపలా

పక్కింటి చంద్రిక చెప్పిందట. చంద్రికకు ఆమె ఇంట్లో అద్దెకుంటున్న వసుమతి చెప్పిందట. పంజాగుట్టలో వసుమతి పనిచేసే ఆసుపత్రి ఆఫీసులో కంప్యూటర్లన్నింటికీ వైరస్ పట్టి, శనివారం నుంచి ఒక్క కాగితం బయటికి రాలేదట. మధురానగర్‌లో మేడ మీద బట్టలారేస్తూ విన్న ఈ సంగతిని మణెమ్మ చల్లారకుండా కిందికి తెచ్చి, చాయ్ గ్లాసుతో పాటు మొగుడు ఉప్పలయ్య చేతిలో పెట్టింది.

"రోగాలు నయం జేసే తాననే రోగమొచ్చిందంటే, మన దుకాణంల గా పాత డబ్బా సంగతేంది? జర సూస్కో," అంది.

ఆ సోమవారం ఉప్పలయ్యకున్న పని చాలా చిన్నది. అదే ఆసుపత్రిలో రెండు వందల నలభై మంది నర్సులకు యూనిఫారాలు కుట్టే బేరం వసుమతి మాటసాయంతో దాదాపు కుదిరింది. నర్సుల కొలతలన్నీ వాళ్లిచ్చిన పట్టికలో నింపి, మధ్యాహ్నం పన్నెండులోపు మెయిల్లో పంపాలి. ఫోటోలు తీసి ఫోన్లో పంపితే చెల్లదని ముందే చెప్పారు. ఆలస్యమైతే వరుసలో ఇంకొకరున్నారు. పట్టిక శనివారమే తయారైంది. తొమ్మిదికి దుకాణం తెరిచి, ఒక మీట నొక్కి, పది నుంచి గుడ్డ కత్తిరించుకోవచ్చని అతని లెక్క. ఆషాఢం కదా, పెళ్లిళ్లు లేవు, జాకెట్లు లేవు. ఈ బేరం నిలిస్తే దసరా దాకా ఎనిమిది మిషన్లు ఆడతాయి. పోతే ఆ మిషన్ల ముందు కూర్చునే ఎనిమిది మంది ఆడవాళ్ల మొహం ఎలా చూడాలో అతనికి తెలియదు.

మణెమ్మ మాట చెవిలో పురుగులా తొలుస్తుంటే, అమీర్‌పేటలో దుకాణం షట్టర్ లేపుతూనే బామ్మర్దికి ఫోన్ చేశాడు. భానుచందర్‌కు రెండు సందుల అవతల కంప్యూటర్లు రిపేరు చేసే కొట్టు ఉంది. పది నిమిషాల్లో వచ్చి వాలాడు.

"ఏంది బావా, ఇన్నేండ్ల సంది యాంటీవైరస్ లేకుంటనే నడిపిస్తున్నవా? ఇంటికి తలుపు లేకుంట పండుకున్నట్టే గద!"

"పదేండ్ల డబ్బా రా ఇది. మోస్తదా?"

"ఫికర్ జేయకు. గిది నా తరఫున."

పెట్టాడు. అది తనిఖీ మొదలుపెట్టింది. ఉప్పలయ్య కొలతల పట్టిక మీద నొక్కితే తెర మధ్యలో ఒక గుండ్రటి గీత తిరగసాగింది. అంతకుముందూ ఆ కంప్యూటర్ చురుకైనదేమీ కాదు. మీట నొక్కి చాయ్ తాగి వస్తే లేచేది. ఇప్పుడు బియ్యం కడిగి, వండుకుని, తిని వచ్చినా లేచేలా లేదు.

"అంటే వైరస్ ముందే సొచ్చిందన్నట్టు," అన్నాడు ఉప్పలయ్య దిగులుగా. కాపలా పెట్టిన తర్వాతే ఇల్లు బరువెక్కిందన్న ఆలోచన అతనికి రాలేదు. భానుచందర్‌కు వచ్చిందో లేదో గాని పైకి అనలేదు.

అప్పుడే మెట్లు దిగుతూ రామ్మోహనరావు ఆగాడు. ఆ భవనం ఆయనదే. పై అంతస్తులో కంప్యూటర్ కోర్సులు చెప్పిస్తుంటాడు.

"ఏంటి ఉప్పలయ్య గారూ, పొద్దున్నే అలా ఉన్నారు? వైరస్సా? అయ్యో, ముందే చెప్పొద్దూ! మా ఇన్‌స్టిట్యూట్‌లో అన్నిటికీ వేసిందొకటుంది. లేవండి, లేవండి."

దుకాణం ఇచ్చిన పెద్దమనిషి తనంతట తాను వచ్చి కుర్చీలో కూర్చుంటే వద్దనడం ఎలా? అది రెండోది. కాసేపటికి తెర మీద ఎర్ర డబ్బా ఒకటి మొలిచింది, 'అనుమానాస్పదమైన ప్రోగ్రాం దొరికింది' అని. ఇంకాసేపటికి రెండో మూల నుంచి అదే మాటతో ఇంకో ఎర్ర డబ్బా. మొదటిది రెండోదాన్ని పట్టుకుంది, రెండోది మొదటిదాన్ని పట్టుకుంది. ఉప్పలయ్య కంటికి మాత్రం రెండు వైరస్‌లు కనిపించాయి. పదిన్నరైంది. అల్లుడికి ఫోన్ కొట్టాడు.

శ్రవణ్ ఎస్.ఆర్. నగర్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాడు. బండి మీద వచ్చి, తెర చూసి పెదవి విరిచాడు.

"మామా, ఇవన్నీ పాతకాలపువి. మా ఆఫీసుల వాడేది మస్తుంటది, అదేస్త. గీ రెండు తీసేద్దాం."

ఆ మాటకు మిగతా ఇద్దరూ కుర్చీకి దగ్గరగా జరిగారు.

"తీసెయ్ బావా, ముందు నాదే తీసెయ్. నేనెవర్ని?" అన్నాడు భానుచందర్ గోడకేసి చూస్తూ.

"నాదేముందండీ, మనవాళ్లు కదా అని పెట్టాను," అన్నాడు రామ్మోహనరావు. అద్దె కాగితం మళ్లీ రాసుకునేది వచ్చే నెలలోనే.

ఇక అల్లుడిది వద్దంటే మధ్యాహ్నానికల్లా కూతురు ఫోన్ చేస్తుంది. పెళ్లికొచ్చిన చుట్టాల్లో ఒకరికి విస్తరి వేసి ఒకరిని లేపిన మనిషి కాదు ఉప్పలయ్య.

"ఉండనీ. మూడూ ఉండనీ," అన్నాడు.

మూడోదీ కూర్చుంది. తెర కింద 'తనిఖీ: ఒక శాతం' అని పడింది. పదకొండు దాటాక శ్రవణే ఉపాయం చెప్పాడు. పట్టికను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే తన ఆఫీసు నుంచి పంపేస్తానన్నాడు. పెన్‌డ్రైవ్ గుచ్చారు. గుచ్చడమే ఆలస్యం, మూడూ కలిసి దాని మీద పడ్డాయి. మూడు డబ్బాలు లేచాయి, మూడు గీతలు తిరిగాయి. గీతలు ఆగేసరికి కొలతల పట్టిక లేదు.

"ఏడ వోయింది?" అన్నాడు ఉప్పలయ్య.

"అనుమానమొచ్చి పక్కకు వెట్టింది మామా. లోపట భద్రంగనే ఉంటది."

"ఏది వెట్టింది?"

"మనది కాదు బావా," అన్నాడు భానుచందర్.

"మాది అలాంటి పని చెయ్యదండీ," అన్నాడు రామ్మోహనరావు.

ముగ్గురూ కుర్చీ కోసం తోసుకోవడం మొదలైంది. ఉప్పలయ్య వెనక్కి జరిగి నిలబడ్డాడు. సిరిసిల్లలో నాన్న మగ్గం గుర్తొచ్చింది. దాని మీద కూర్చునేది ఒక్క మనిషి. అతను లేస్తే బట్ట ఆగేది. ఇక్కడ ముగ్గురు కూర్చున్నారు, నూలుపోగు కదలడం లేదు.

అన్నం డబ్బాతో అప్పుడే వచ్చిన మణెమ్మ, ఏమీ అడగకుండా, గుడ్డలు కత్తిరించే బల్ల కిందికి వంగి అట్ట చిరిగిన కొలతల పుస్తకం లాగింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు తిరిగి ఆమె టేపు పట్టి చదువుతుంటే అతను పెన్సిల్‌తో రాసుకున్న పుస్తకం.

"పో. దవాఖానకు పోయి ఆళ్ల కాళ్లన్న పట్టుకో," అంది.

పన్నెండుకు పాతిక నిమిషాలుంది. అమీర్‌పేట మెట్రోలో సంచీని తనిఖీ యంత్రం మింగి మూడు లెక్కపెట్టేలోపు అవతలికి వదిలింది. ఉప్పలయ్య దాని వైపు ఒక క్షణం ఆశగా చూసి, మెట్లెక్కాడు.

ఆసుపత్రి ఆఫీసులో కంప్యూటర్లన్నీ వెలుగుతున్నాయి. మనుషులు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఉప్పలయ్య వసుమతి ముందు పుస్తకం పెట్టి తల దించుకున్నాడు.

"మేడం, మెయిల్ పంపలేకపోయిన. మీకొచ్చిన వైరసే మాకూ వచ్చింది."

"వైరస్ ఎక్కడిదండీ! అసలు రానేలేదు. రాకూడదని శనివారం ఏదో వేశారు, అప్పట్నుంచి ఇవి కదలట్లేదు. చంద్రిక గారితో కంప్యూటర్లు పనిచేయట్లేదని మాత్రమే అన్నాను, వైరస్ ఆవిడే కలుపుకున్నట్టున్నారు." వసుమతి పుస్తకం తిప్పుతూ ఆగింది. "ఇంకో పార్టీ వాళ్లు మెయిల్ పంపాం అంటున్నారు, తెరుచుకుంటే కదా! పన్నెండుకి సార్‌కి చూపించాలి. చదవడానికి నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

పావుగంటలో పుస్తకం మొదటి పేజీ మీద సార్ సంతకం పడింది.

ఒంటిగంటకు తిరిగొచ్చేసరికి ముగ్గురూ కంప్యూటర్ ముందే ఉన్నారు. బేరం నిలిచిందని ఉప్పలయ్య చెప్పగానే ముగ్గురి మొహాలూ ఒకేసారి వెలిగాయి.

"చెప్పలేదా అండీ!" అన్నాడు రామ్మోహనరావు.

"నేను పొద్దుగాలనే వచ్చిన గదా," అన్నాడు భానుచందర్.

"అత్తమ్మా, మూడు ఉండవట్టే ఒక్క వైరస్ సుత దగ్గరికి రాలే," అన్నాడు శ్రవణ్.

మణెమ్మ అన్నం డబ్బా మూత తీస్తూ తలెత్తకుండానే అంది: "దొంగ రాలే, మంచిదే బిడ్డా. మరి మన లిస్టును ఎత్కవోయింది ఎవరు?"

ముగ్గురూ తెర వైపు తిరిగారు. తెర మీద ఒక శాతం రెండైంది.