అమ్ముడుపోని సెలవు

ఆ రోజు పొద్దున హవల్దారు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా గుమాస్తాకి ఒక మాట చెప్పాలి. పటాలం నుంచి రిటైరవబోతున్నాడు. ఇన్నేళ్ళూ వాడుకోని సెలవు రెండు నెలలు పోగుపడి ఉంది. వాడుకుంటే ఇవాళే తుపాకీ అప్పగించి ఇంటికి వెళ్ళిపోవచ్చు. అమ్ముకుంటే ఆఖరి రోజు దాకా ఇక్కడే ఉండి, డబ్బు పట్టుకుపోవచ్చు. గుమాస్తా మాత్రం కనిపించినప్పుడల్లా "వాడుకుంటారా, అమ్ముకుంటారా?" అని వంకాయలు బేరమాడినట్టు అడుగుతున్నాడు.

అంత సెలవు మిగలడానికి కారణం పొదుపు కాదు. అడిగినప్పుడల్లా పైవాళ్ళకి ఏదో అవసరం ముంచుకొచ్చేది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా హవల్దారు ఒక్క వానాకాలం కూడా భార్య పక్కన గడపలేదు. ఆ దిగులు మొహంలోనే కాపురం పెట్టింది. అందుకే పటాలంలో అందరూ అతన్ని చాటుగా 'ముసురు' అనేవారు.

ఇంటికి ఫోన్ చేశాడు.

"వంటింటి కప్పు ఎలా ఉంది?"

"కారుతోంది. గిన్నెలన్నీ కిందే పరిచాను. వండుకోవడానికి ఒక్కటే మిగిలింది."

"అయితే సెలవు అమ్మేస్తాను. కొత్త కప్పు వేయిద్దాం."

అటువైపు నిండిన గిన్నె పారబోసిన చప్పుడు వినిపించింది. తర్వాత భార్య, "మీ ఇష్టం," అంది.

భార్య నోట ఆ మాట వస్తే అందులో మొగుడి ఇష్టమేమీ ఉండదని పెళ్ళయిన ప్రతివాడికీ తెలుసు.

"కోపమా?"

"కోపమెందుకు? నెత్తిన కప్పుంటే చాలదూ! మనిషితో పనేముంది?" అని పెట్టేసింది.

ముసురు వరండాలో నాలుగుసార్లు పచార్లు చేశాడు. కప్పు పోతే పోయింది, ఈ వానాకాలం ఇంట్లోనే ఉండాలని తేల్చుకున్నాడు. గుమాస్తాకి "వాడుకుంటా" అని చెప్పేసి, భార్యకి మెసేజ్ పెట్టాడు. మాటల దగ్గర అతను మహా పిసినారి. "బాగా ఆలోచించాను. ఇక సెలవు తీసుకుంటున్నాను. కప్పు ఏమైపోయినా నాకు దిగులు లేదు. నా కోసం ఎదురు చూడకు."

బండి రేపు రాత్రి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి భోజనానికి ఎదురు చూడొద్దని అతని భావం. ఆ ముక్క కొట్టేలోపు ఆయుధాగారం గేటు వచ్చింది. ఫోన్ కాపలావాడికిచ్చి లోపలికి వెళ్ళాడు.

అక్కడ ఇంట్లో భార్య ఆ మెసేజ్ చదివి గిన్నెల మధ్య కూలబడింది. ఆమె తమ్ముణ్ణి వీధిలో 'దండోరా' అంటారు. అతను ఫోన్ లాక్కుని పైకి చదివాడు.

"అక్కా, సెలవు తీసుకోవడమంటే... బావ..." అని అక్క దగ్గర మింగేసిన మాటని వీధిలోకి వెళ్ళి పూర్తి చేశాడు. నిమిషంలో ఇల్లు జనంతో నిండింది. దండోరా బావకి ఫోన్ కొడితే కాపలావాడు ఎత్తాడు.

"హవల్దారు గారా? ఫోన్ నాకిచ్చేసి, తుపాకీ పట్టుకుని లోపలికెళ్ళారండీ."

"మొహం ఎలా ఉంది?"

"రోజూలాగే. ఏడుపు మొహం."

దండోరా కాపలావాడి దగ్గర నంబరు తీసుకుని నేరుగా పై ఆఫీసరుకే ఫోన్ చేశాడు. ఆఫీసరు డాక్టర్ని వెంటబెట్టుకుని పరుగున వచ్చేసరికి ముసురు బల్ల ముందు కూర్చుని, తుపాకీ శుభ్రపడిందో లేదోనని ఒక కన్ను మూసి గొట్టంలోకి చూస్తున్నాడు. "పట్టుకోండి!" అని ఆఫీసరు అరిచాడు. ముగ్గురు సిపాయిలు మీద పడ్డారు.

"బోల్టు ఊడదీసి బల్ల మీదే పెట్టాను, పేలదు సార్!" అని ముసురు కిందనుంచి మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు.

డాక్టరు మెత్తగా అడిగాడు. "రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?"

"లేదు సార్. కప్పు కారుతుంటే ఎలా పడుతుంది?"

డాక్టరు తలెత్తి పొడిగా ఉన్న ఆయుధాగారం కప్పు చూశాడు. "ఎక్కడ కారుతోంది?"

"మా ఇంట్లో సార్. ఇక్కడికి ఒక రోజు రైలు ప్రయాణం."

అతన్ని ఆ పూటే నెల రోజులకని ఆసుపత్రిలో చేర్చారు.

మర్నాడు భార్య ఏడుస్తూ దిగింది. "ఎంత పని చేయబోయారండీ!"

"నేనేం చేశానే? సెలవు తీసుకున్నానంతే."

"మళ్ళీ అదే మాట!" అని ఆమె శోకండాలు పెట్టింది. డాక్టరు ఇంకో వారం పొడిగించాడు. ఆమెకి విషయం బోధపడి, కళ్ళు తుడుచుకుని, డాక్టరుకి విడమరిచి చెబితే, "ఇంట్లోవాళ్ళు ముందు ఒప్పుకోరమ్మా," అని మరో మూడు వారాలు కలిపాడు. దాంతో ఇద్దరూ వివరించడం మానుకున్నారు.

వాన మాత్రం మానలేదు. పొద్దుటినుంచి చీకటి పడేదాకా భార్య మంచం పక్కనే కూర్చునేది. ఒకనాడు కిటికీలోంచి చూస్తూ, "ఇక్కడ కారట్లేదండీ," అంది. ముసురు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సంతోషంగానే ఉంది. దానికి కూడా ఏడుపొచ్చింది. డాక్టరు కంట పడకుండా దుప్పటి కప్పుకున్నాడు.

ఆ వారమే దండోరా ఫోన్ చేశాడు. "బావా, చూసుకునేవాళ్ళు లేక వంటింటి కప్పు కూలిపోయింది. నువ్వేం బెంగపడకు, ఇక కారదు."

డాక్టరు వదిలే నాటికి ఉద్యోగంలో ఆఖరి రోజు వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న రోజులన్నీ సెలవు కిందే పోయాయని గుమాస్తా చల్లగా చెప్పాడు. అమ్ముకోవడానికి ఏమీ మిగల్లేదు. వెళ్ళి ఉందామన్నా ఇంటికి వంటిల్లు లేదు.

పటాలమంతా వీడ్కోలుకి వరసగా నిలబడింది. ముసురు చేతులు జోడించి, అలవాటుగా "ఇక సె..." అనబోయాడు. ఎదురుగా డాక్టరు కనిపించాడు. భార్య మోచేత్తో పొడిచింది.

"వెళ్ళొస్తానండీ," అని సర్దుకున్నాడు.

"రావడానికి లేదండీ," అన్నాడు గుమాస్తా. "రూల్సు ఒప్పుకోవు."