గుమ్మానికి వేపమండలు

శనివారం పొద్దున కాఫీ తాగుతూ, ఆ రోజు తనకున్న పనులు రెండేనని సంజీవరావు లెక్క తేల్చుకున్నాడు. పిట్టల గూటికి చీమలు పట్టకుండా చూడడం ఒకటి. సాయంత్రం తమ ఇంట్లో జరగాల్సిన ప్రార్థన కూటాన్ని ఎలాగైనా తప్పించడం రెండోది.

మైపాడు దగ్గర ఉప్పు కొటారులో గుమస్తా అతను. ముందు గదిలో వీధి గుమ్మం పక్కనే పంజరం, అందులో వేలెడంత జీనువాయి పిట్టల జంట, ముంతలో కొబ్బరిపీచు గూడు, గూట్లో గుడ్లు. కావలి బోర్డింగులో చదివే కూతురు ఏసుమణి "క్రిస్మస్‌కి నేనొచ్చేసరికి పిల్లలుండాల నాయనా" అని మరీ అప్పగించి వెళ్లింది. పిట్టలు ఇంతకుముందు రెండు మాట్లు గుడ్లు పెట్టి, ఇంట్లో గోలకి బెదిరి పొదగడం మానేశాయి. ఈసారీ మానేస్తే పిల్లకు మొహం ఎలా చూపించాలా అని అతని బెంగ. అందుకే మొగుడూ పెళ్లాల మధ్య గుసగుసలే. కొర్రలు పోయాలన్నా మునివేళ్ల మీదే నడక. భార్య ఆనందకుమారికి తుమ్మొస్తే పెరట్లోకి పరుగెత్తి తుమ్మి వచ్చేది.

అలాంటి ఇంట్లో కూటమంటే మాటలా! హార్మోనియం, కంజీర, వాటిని మించి పాస్టరు క్రీస్తుదాసుగారి గొంతు. ఆయన హల్లెలూయా అంటే సముద్రంలో పడవలవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారని ప్రతీతి. ఆయనకు వద్దని చెప్పే నోరు సంజీవరావుకు లేదు.

ముందు చీమల సంగతి చూద్దామని, ఆనందకుమారి చేపలకు రేవుకి వెళ్లగానే వేపమండలు విరిచి తెచ్చి గుమ్మం చుట్టూ దట్టంగా కట్టాడు. వేప వాసనకు చీమ రాదని ఎవరో చెప్పారు. నెల్లూరు మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి. మశూచి అమ్మవారు పోసిన ఇంటికే అలా వేపాకు కడతారని పాపం అతనికి తట్టలేదు.

పక్కింటి నాగులమ్మ చూడనే చూసింది. వీధిలోనే చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది.

"తల్లీ పోలేరమ్మా! ఎవురికి సారూ?"

ఆ కేకకి పంజరంలో రెక్కలు టపటపలాడాయి. సంజీవరావు హడలిపోయి, పెదవుల మీద వేలు పెట్టి, రెండో చేత్తో పొమ్మని సైగ చేశాడు. అమ్మవారున్న ఇంటి దగ్గర గట్టిగా మాట్లాడకూడదు కదా! నాగులమ్మ లెంపలు వేసుకొని, వీధి వీధంతా చెప్పి వచ్చింది.

కాసేపటికి ఆనందకుమారి ఖాళీ బుట్టతో ఇల్లు చేరింది.

"ఏం పని చేసినారండీ ఇది! రేవులో నన్ను చూసి అందరూ ఆమడ దూరం జరిగిపోయినారు!" అంది, గుసగుసగానే.

ఆ మండలు పీకేలోపే పాస్టరుగారు వచ్చి, వీధికి అవతలే ఆగిపోయారు.

"సంజీవరావ్! నువ్వు కూడా అమ్మోరికి మొక్కినావంటయ్యా?"

"కాదయ్యగారూ... కొంచెం మెల్లిగా..."

"దేవుడి మాట మెల్లిగా చెప్పేదేందయ్యా!"

ఇంతలో సైకిలు దిగాడు టీకాల హజరత్తయ్య. "మశూచిని దాచిపెడితే కేసవుతుంది సారూ. రోగి యాడ?"

"రోగి లేడు. చీమలున్నాయి."

"చీమలకి నేను టీకాలెయ్యను. లోపలికి పదండి."

సంజీవరావుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ అందరికీ దణ్ణం పెడతా. చూడండి, కానీ మునివేళ్ల మీద రండి, పిట్టలు గుడ్ల మీదున్నాయి. మా పిల్లకి మాటిచ్చినాను."

హజరత్తయ్య బూట్లు విప్పాడు. పాస్టరుగారు పంచె ఎగ్గట్టారు. వాళ్ల వెనకే చేరిన నాగులమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ముగ్గురూ దొంగల్లా లోపలికి వచ్చేసరికి ముంతలోంచి పోతుపిట్ట సగం గుడ్డుపెంకు కరుచుకొని బయటికి వచ్చింది. దాన్ని పంజరం అడుక్కి జారవిడిచి, వీళ్లను ఓసారి చూసి, మళ్లీ లోపలికి దూరింది. ముంతలోంచి సన్నగా కిచకిచ వినిపించింది. ఆనందకుమారి అందరి ముందే మొగుడి చెయ్యి పట్టుకుంది.

"హల్లెలూయా," అన్నారు పాస్టరుగారు. పక్కనున్న నాగులమ్మకు కూడా వినపడలేదు. "కూటం మా ఇంట్లో పెట్టుకుందాం లేవయ్యా. పసిబిడ్డలుండే ఇల్లు."

అంతా బాగానే తేలింది గానీ, ఇంతదూరం సైకిలు తొక్కినవాణ్ణి వట్టిచేతులతో పోలేనని హజరత్తయ్య పట్టుబట్టి సంజీవరావు జబ్బకి టీకా పొడిచాడు.

ఆ టీకాకి వచ్చిన జ్వరంలో అతను గట్టిగా మూలుగుతుంటే, పిట్టలు బెదురుతాయని ఆనందకుమారి మంచం తీసి పెరట్లో వేసింది.