మిగిలిపోయిన బ్రాకెట్టుపై ఉమాపతి దండయాత్ర

స్వస్తిశ్రీ మహర్నవమీ పుణ్యదినమున, ఉప్పల్ చౌరస్తాలో బస్సుల బారులు ధూళిధూసరితములై నిలిచియుండగా, నాచారం పారిశ్రామికవాడ యందలి ఒకానొక పంపుల కార్ఖానాలో, అపరాహ్ణము మూడు గంటల నలుబది నిమిషముల వేళ, ఉమాపతి యను ప్రోగ్రామువీరుడు కంప్యూటరు నెదుట దీర్ఘనిశ్వాసములు విడుచుచుండెను. కారణము చెప్పెద, చెవియొగ్గుడు.

ఆ కార్ఖానాలో ఆయుధపూజకు ప్రతి సెక్షనువారును తమ పనిముట్టును అమ్మవారి ముందుంతురు. ప్రోగ్రాములు వ్రాయువారికి చేతబట్టి చూపదగిన పనిముట్టు లేదు గనుక, తమ ప్రోగ్రామును కాగితముపై అచ్చొత్తి పెట్టుదురు. నిరుడు దానిని చూచి లేతు మిషను మీద తలనెరసిన బిక్షపతి, "ఏంది బిడ్డా, రాళ్లు ఏరని బియ్యం లెక్కున్నది గిది," అనెను.

ఆ ఒక్క మాటకు అవమానానలదగ్ధహృదయుడై, ఇచ్చిన పనిని కూడ ప్రక్కకు నెట్టి, ఉమాపతి 'పూలపేర్పు' అను సాధనమును సృజించెను. అది ఎంతటి ప్రోగ్రామునైనను, అక్షరము మార్చక, క్రింద వెడల్పుగను పైకి సన్నముగను బతుకమ్మవలె పేర్చును. దానివలన లోకమునకేమి లాభమని అడుగకుడు. అట్టి ప్రశ్నలకు వీరులు జవాబు చెప్పరు.

పంపులను పరీక్షించు ప్రోగ్రాము ఇరువదియొక్క వరుసల బతుకమ్మయై తెరపై వెలసెను. అంతయు బాగే కాని, చిట్టచివరి బ్రాకెట్టొకటి అడుగువరుసలో చోటు చాలక క్రిందికి జారి, పెండ్లిపందిట్లో కుర్చీ దొరకని చుట్టమువలె ఒంటిగ నిలిచెను. దానిని తుడిచివేయగా ప్రోగ్రాము నడవక మొరాయించెను. నడవని పనిముట్టును పూజకు పెట్టరాదన్నది అచటి కట్టుబాటు. పూజ నాలుగింటికి.

"ఓరీ వక్రకాయా, నా పుష్పసౌధమునకు కళంకమైతివి. ఆరోహింపుము, లేదా నా పరువుతో కూడ నశింపుము" అని ఉమాపతి గర్జించెనని మేము వ్రాయవలెను. నిజమునకు అతని నోట వెడలినది, "జర పైకి జరుగరాదే, నీకు దండం పెడ్త" అన్న మాటయే. ఖాళీలను కుదించెను, వరుసలను సాగదీసెను. బ్రాకెట్టు చలింపలేదు.

అంతట కాగితము కొరకు సెక్షను పెద్ద శ్యామలాదేవి వచ్చెను. ముప్పది యేండ్లుగ ఏటేట బతుకమ్మ పేర్చిన చేయి ఆమెది. ఆమె వ్రేలు అడుగువరుసపై ఆగెను.

"ఇంత జాగ తిన్నది, ఏంది గిది?"

"నా పేరు మేడం. రాసినోడు ఉమాపతి అని."

"ప్రోగ్రాంకు దీనితోని పనున్నదా?"

"లేదు. ఊకెనే పెట్టిన."

"బతుకమ్మ మీద పేర్చినోళ్ల పేరు ఎవరన్న రాస్తరా ఉమాపతీ? తీసెయ్యి."

హా, ఏమి కష్టము! ఏడాది రగిలినవాడు, రగిలి పేర్చినవాడు, పేర్చినది తానేయని నలుగురికి తెలియవద్దా? ఉమాపతికి నిజముగనే దుఃఖము వచ్చెను. మూడు గంటల యేబదియారు నిమిషములాయెను. కన్నులు మూసికొని తన నామధేయమును తానే తుడిచివేసెను. పూలపేర్పు వరుసలను మరల సర్దెను. బ్రాకెట్టు పైకెక్కెను. ప్రోగ్రాము నడిచెను.

స్పానర్ల నడుమ, డ్రిల్లుల నడుమ ఆ కాగితమును పెట్టిరి. బిక్షపతి వచ్చి చాలసేపు చూచెను. వంగి, కాగితముపై పసుపు కుంకుమ పెట్టెను.

"మస్తున్నది. ఎవరు పేర్చిన్రు బిడ్డా?"

ఉమాపతి గొంతులోనికి తన పేరు వచ్చెను. దానిని మ్రింగెను.

"మా సెక్షనోళ్లం, కాకా."

జనులారా, వినుడు. పదునారు నిమిషముల ఘోరసంగ్రామమున ఒక బ్రాకెట్టు ఒక వరుస పైకి పోయినది. ఆ కాగితముపై ఉమాపతి పేరు ఎచ్చటను లేదు. ఐనను ఆ సాయంకాలము ఇంటికి పోవు బస్సులో, సీటు దొరకక వ్రేలాడుచునే, అతడు నవ్వుచుండెను.