మేయర్ గారి అందమైన అక్షరాలు

మా ఊరి వెనకబాటుకు మూలకారణం వికారమైన అక్షరాలేనని మేయర్ ఎర్మెతె గిరెత్తి గారు మునిసిపల్ బాల్కనీ మీంచి ప్రకటించారు. అంతదాకా మేం కాలువ మీద వంతెన లేకపోవడమే కారణమనుకుంటున్నాం. చర్చి అవతలి ఒడ్డున ఉంది. మా ఆవిడ చెజిరా మోకాళ్లు పట్టుకుని ఊరంతా చుట్టి పూజకు వెళ్తుంది. దూరదృష్టి గలవారికి దగ్గరివి ఆనవు కదా.

ఎన్నికల పోస్టర్లకు అక్షరాలు ఆయనే ఎంచుకున్నారు. నిలువు గీతలు స్తంభాల్లా లావు, అడ్డగీతలు వెంట్రుకల్లా సన్నం. చిన్నగా అచ్చేస్తే సగం మాయమవుతాయి, పెద్దగా వేస్తేనే వైభోగం. తనలాగే ఉన్నాయని ఆయన మురిసిపోయారు.

"ఈ టైపు నేను ఒక్క పనికే వాడతానండీ..." నసిగాడు ప్రెస్సు నడిపే ఇవో.

"అయితే చెయ్యి తిరిగినవాడివే! చుట్టూ నల్ల అంచు వెయ్యి, హుందాగా ఉంటుంది. 'ఎన్నటికీ మన మధ్యనే. ఆదివారం అందరూ రండి' అని రాయి."

మా ఊళ్లో ఎవరు పోయినా పేరు ఆ టైపులోనే, నల్ల అంచుతో పెద్దగా అచ్చేసి గోడలకు అంటిస్తారు. తాతల నాటి నుంచి ఆ పని ఇవో ఇంటివాళ్లదే.

తెల్లారేసరికి ప్రతి గోడ మీదా నల్ల అంచులో మేయర్ గారు నవ్వుతున్నారు. ఆడవాళ్లు సిలువ గుర్తు వేసుకున్నారు.

"అయ్యో, మొన్ననే కదా వంతెన కట్టిస్తానన్నాడు!" అంది చెజిరా.

"బతికుంటే మాత్రం కట్టేవాడా వదినా?" అంది రొట్టెల కొట్టు జెల్మా. "పోనీలే పాపం, పోయాడు. మంచివాడే అనుకుందాం."

ఆయన పార్టీ కార్యదర్శి వాందాతో కలిసి పూలదండ పట్టుకుని నేనూ మేయర్ గారింటికి వెళ్లాను. తలుపు ఆయనే తీశారు.

"బతికే ఉన్నారని చాటించమంటారా?" అడిగింది వాందా.

"ఆగు. జనం ఏమంటున్నారు?"

"మంచివాడంటున్నారండీ."

"ఎవరు?"

"అందరూ. ప్రతిపక్షం వాళ్లు కూడా."

మేయర్ గారు మెల్లగా తలుపు మూసి, "అయితే ఆదివారం దాకా పోయే ఉందాం" అన్నారు. ఎవరికీ చెప్పనని నాచేత సిలువ మీద ఒట్టేయించుకున్నారు.

ప్రతిపక్ష నాయకుడు కన్నీళ్లతో గిరెత్తి స్మారక వంతెన ప్రకటించాడు. వాందా అంతకన్నా గట్టిగా ఏడ్చి, ఆ రోజే రాళ్లు దింపించింది. పునాది తవ్వుతుంటే చెజిరా ఒడ్డున కుర్చీ వేసుకుని చూసింది. నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. దేవుడి కోసమో వంతెన కోసమో, ఇప్పటికీ నాకు తెలియదు.

ఆదివారం ఊరంతా పోయినవాడికే ఓటేసింది. అంత మెజారిటీ ఆయనకు బతికుండగా ఎన్నడూ రాలేదు.

సాయంత్రం ఆయన బాల్కనీలోకి వచ్చి చెయ్యి ఊపారు. చప్పట్లు లేవు.

"అయితే వంతెన?" కిందినుంచి ఎవరో అరిచారు.

"బతికున్న మనిషికి స్మారకమా? అశుభం!" అన్నారు మేయర్ గారు.

ఆ రాళ్లు వృథా పోలేదు. వాటి మీద ఆయన పేరు చెక్కించి మునిసిపల్ భవనానికి బిగించారు. ఒక్కో అక్షరం నిలువెత్తు. నిజం చెప్పాలి, చాలా అందంగా ఉంది.

మరుసటి ఆదివారం ఎప్పట్లాగే చుట్టూ తిరిగి చర్చికి చేరాం. చెజిరా రొప్పుతూ కొవ్వొత్తి వెలిగించింది.

"ఎవరికే?"

"మేయర్ ఆత్మశాంతికి."

"ఆయన బతికే ఉన్నాడు కదే!"

"ముందుగా వెలిగించకూడదని ఎక్కడైనా ఉందా?"

నాకు భయమేసి, ఇది పాపమా అని ఫాదర్ ప్రీమో గారిని అడిగాను. ఆయన కిటికీలోంచి కాలువ వంక చూశారు.

"ఇంకో కొవ్వొత్తి ఉందామ్మా?" అన్నారు.