రెండు ఆంపియర్ల ఫ్యూజు

చీమ చిటుక్కుమన్నా వినే దేవుడికి యాంప్లిఫయర్ ఎందుకన్న సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. ఒకసారి పెద్దల్ని అడిగాను. అది ఆయన కోసం కాదు, చివరి వరసలో కూర్చునేవాళ్ళ కోసం అన్నారు. చివరి వరసలో కూర్చునేవాణ్ణి నేనే కాబట్టి నోరు మూసుకున్నాను. ఈ ఆదివారం మా పక్కింటి గుమాస్తా కుటుంబం చేసిన రభస విన్నాక ఆ సందేహం మళ్ళీ తలెత్తింది.

గుమాస్తా పని చేసేది బస్సు డిపోలో. ఆయన కూతురు గిటారు వాయిస్తుంది. కిందటి నెల ఆ పిల్ల ప్రార్థన మందిరంలో మొదటిసారి వాయించబోతే, మందిరం వాళ్ళ పాత యాంప్లిఫయర్ సరిగ్గా మౌన ప్రార్థన మధ్యలో కీచుమని అరిచి ప్రాణం విడిచింది. మందిరం పెద్దాయన, "ఇంకొక్కసారి ఇలాంటి చప్పుడొస్తే ఈ గడప లోపలికి గిటారు రాదు" అని తేల్చేశాడు. అయినా జాలిపడి ఈ ఆదివారం పదింటికి ఇంకొక అవకాశం ఇచ్చాడు. ఇంట్లో వేసుకున్న పథకం చాలా మామూలుది. ఎనిమిదింటికి ముందుగదిలో మూడు యాంప్లిఫయర్లు వాయించి చూడాలి, ఒకటి ఎంచుకోవాలి, తొమ్మిదిన్నరకి బయల్దేరాలి.

ముందుగా గుమాస్తా తను కొన్న ట్రాన్సిస్టర్ల యాంప్లిఫయర్ పెట్టె స్విచ్చి వేశాడు. వేసిన క్షణంలోనే అది పలికింది.

"చూశారా? నమ్మకమంటే ఇది. కింద పడేసినా ఏమీ కాదు."

"కింద పడేసినప్పుడు వచ్చే చప్పుడే ఇప్పుడూ వస్తోంది బావా" అన్నాడు ఆయన బావమరిది. అతను రేడియో మెకానిక్. తన చేతులతో కట్టిన గాజు ట్యూబుల పెట్టె తెచ్చాడు. దాన్ని మోయడానికి ఇద్దరు కావాలి.

"నీకు నచ్చదులే. రోజంతా తుప్పు పట్టిన డబ్బాల మధ్య కూర్చునేవాడివి."

"ఆ డబ్బాల మధ్య నుంచే కదా పద్నాలుగేళ్ళ కిందట నా ఫ్యూజు పట్టుకుపోయావు."

ఆ ఇంట్లో ఏ గొడవైనా చివరికి ఆ ఫ్యూజు దగ్గరికే చేరుతుంది. గుమాస్తా తన టేప్ రికార్డర్ కోసం ఒక ఫ్యూజు, చిటికెన వేలిలో సగం ఉండే గాజు ముక్క, బావమరిది షాపు నుంచి రేపు ఇస్తానని తీసుకెళ్ళాడు. షాపులో అదే ఆఖరిది. మర్నాడు మెకానిక్ రేడియో ఇవ్వలేక ఒక ఖాతాదారు చేత నానా మాటలూ పడ్డాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

"మీరిద్దరూ ఎప్పటి మనుషులు?" అన్నాడు గుమాస్తా తమ్ముడు. అతనిది కంప్యూటర్ ఉద్యోగం, తెచ్చింది మోడలింగ్ పెట్టె. అందులో ఒక చిప్పు కూర్చుని అరవై రకాల యాంప్లిఫయర్ల గొంతుల్ని అనుకరిస్తుంది. "అన్నయ్యా, నీ పెట్టె గొంతూ ఇందులో ఉంది, ఆయన పెట్టె గొంతూ ఉంది." గుండీ తిప్పాడు. గుహలో ఎవరో తప్పిపోయి ఏడుస్తున్నట్టు వినిపించింది.

"అందరి గొంతూ పట్టుకున్నవాడికి సొంత గొంతు ఉండదు నాయనా" అని మెకానిక్ తన పెట్టె స్విచ్చి వేశాడు. ఏ చప్పుడూ లేదు.

"పోయిందా?" అన్నాడు గుమాస్తా, చాలా సంతోషంగా.

"ట్యూబులు వేడెక్కాలి. ఒక్క నిమిషం ఆగు."

"ఆగడానికి ఇది యాంప్లిఫయరా, కట్టెల పొయ్యా?"

ఆ నిమిషంలోపే మాటలు గుమాస్తా పెళ్ళినాటి మర్యాదల దాకా వెళ్ళాయి. మెకానిక్ ఒళ్ళు మండి ప్లగ్గు పీకేశాడు. అలా ఆ పెట్టె గొంతు గుమాస్తా వినలేదు.

"నాన్నా, నాకైతే..." అంది కూతురు.

"నువ్వుండమ్మా. పెద్దవాళ్ళం మాట్లాడుతున్నాం."

గుమాస్తా భార్య చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మూడూ పట్టుకుపొండి. నా ముందుగది నాకు కావాలి" అంది.

మగవాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా మందిరం దాకా నడిచారు. ట్యూబుల పెట్టె రెండో పిడి పట్టుకోవడానికి గుమాస్తా ఒప్పుకోలేదు. పట్టుకున్నది ఆ పిల్లే.

మందిరంలో మూడు పెట్టెల ప్లగ్గులూ ఒకే బోర్డుకి పెట్టారు. కూతురు తన గిటారుని మావయ్య పెట్టెకి తగిలించి, దాని ముందు నిలబెట్టింది. మెకానిక్ స్విచ్చి వేశాడు. అంతలో మౌన ప్రార్థన మొదలైంది. నేను తప్ప అందరూ కళ్ళు మూసుకున్నారు.

గుమాస్తా ఒక కన్ను తెరిచాడు. మునివేళ్ళ మీద వెళ్ళి గిటారు తీగ మీటాడు. పెట్టె పలకలేదు. చచ్చిన పెట్టెతో పిల్లని పదిమందిలో నిలబెడతాడా వీడు, అని కోపం నషాళానికంటింది. అది చచ్చిందని రుజువు చేయడానికి నాలుగు గుండీలూ చివరికంటా తిప్పాడు.

అప్పుడే ట్యూబులు వేడెక్కాయి.

డిపోలో ఉన్న బస్సులన్నీ ఒక్కసారి బ్రేకు వేసినట్టయింది. నా పక్కనున్న ముసలాయన బెంచీ కిందికి దిగిపోయాడు. గుమాస్తా కంగారులో స్విచ్చి ఆపి, వేసి, ఆపి, వేశాడు. తమ్ముడు పరుగున వచ్చి ప్లగ్గు పీకాడు. అది అతని సొంత ప్లగ్గు. తిరిగి పెడితే అతని పెట్టె, అప్‌డేట్ అవుతున్నాను, నలభై నిమిషాలు ఆగండి, అని రాసుకుంది. ట్యూబుల పెట్టె లోపల మాత్రం చిన్న మెరుపు మెరిసి చప్పుడు ఆగిపోయింది.

మెకానిక్ తుళ్ళిపడి కళ్ళు తెరిచి వచ్చేసరికి తమ్ముడి చెయ్యి ఇంకా ప్లగ్గు మీదే ఉంది. "నా గుండీలు తిప్పింది నువ్వేనా?"

"నేను ఆపడానికొచ్చాను."

"మూడు ప్లగ్గులుంటే నీదే పీక్కున్నావు. అంత తెలివి."

"పోన్లే, నాది బాగానే ఉందిగా" అన్నాడు గుమాస్తా, దూరంగా చూస్తూ.

"అయితే తిప్పింది నువ్వు" అన్నాడు మెకానిక్.

మందిరం పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే కూతురు అడ్డం వచ్చింది. "తప్పు గిటారుది కాదండీ. మావాళ్ళది."

"ఆ సంగతి కళ్ళు మూసుకున్నా తెలిసింది" అన్నాడాయన. "ఐదు నిమిషాలిస్తున్నాను. పాట మొదలైతే సరి. కాలేదా, గిటారూ వద్దు, మీవాళ్ళూ వద్దు."

గుమాస్తా గెలిచాడు. పలికే పెట్టె ఆయనదొక్కటే మిగిలింది. గిటారు వైరు అందుకోబోయాడు. కూతురు వదల్లేదు.

"నన్ను ఒక్కరూ అడగలేదు" అంది. "ఆరు నెలలుగా మావయ్య షాపులో ఈ పెట్టె మీదే నేర్చుకున్నాను. మెల్లగా మీటితే మెల్లగా పలుకుతుంది. గట్టిగా మీటితే గొంతు జీరబోతుంది. నా పాటంతా దాంట్లోనే ఉంది. మీదాంట్లో ఎలా మీటినా ఒకటే. బాబాయ్ దాంట్లో నా వేళ్ళని నేనే గుర్తుపట్టలేను."

"షాపుకి వెళ్తున్నావా? నాకు చెప్పలేదే."

"చెబితే ఫ్యూజు దగ్గర మొదలుపెడతారు."

మెకానిక్ తన పెట్టె వెనక వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఫ్యూజు పోయిందమ్మా. రెండు ఆంపియర్లది. షాపుకెళ్ళి రావాలంటే అరగంట. మీ నాన్న పెట్టె మీదే కానిచ్చెయ్యి."

ఆ మాట బావమరిది నోట రావడం కోసం గుమాస్తా పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాడు. తీరా వచ్చాక ఎవరూ సంతోషించలేదు. ఆయన కూతురి మొహం చూశాడు, గడియారం చూశాడు. తర్వాత తన పెట్టెని గోడ వైపు తిప్పి, వెనకనున్న చిన్న నల్ల మూత విప్పి, అందులోని గాజు ముక్కని బావమరిది అరచేతిలో పెట్టాడు. మెకానిక్ దాన్ని వెలుతురుకి పట్టి అంకె చదివాడు. రెండు.

దాన్ని తన పెట్టెలో బిగించి, గుండీలు తగ్గించి, స్విచ్చి వేశాడు. ఏ చప్పుడూ లేదు. మందిరం పెద్దాయన గడియారం వైపు తల తిప్పాడు.

"ట్యూబులు వేడెక్కాలండీ" అన్నాడు గుమాస్తా. "ఒక్క నిమిషం ఆగాలి."

అందరం ఆగాం. ఆ ముగ్గురూ కూడా నోరెత్తకుండా ఆగారు. ఆ రోజు అసలైన మౌన ప్రార్థన అదేనని నా అనుమానం. తర్వాత ఆ పిల్ల వాయించింది. దేవుడి సంగతి నాకు తెలియదు, చివరి వరసకి మాత్రం ప్రతి వేలూ వినిపించింది.

తిరిగి వెళ్ళేటప్పుడు ట్యూబుల పెట్టె రెండో పిడి గుమాస్తా పట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగారు.

"మొత్తానికి ఫ్యూజు ఇచ్చేశాను" అన్నాడు.

"ఇచ్చావు బావా. కాకపోతే నువ్వు తీసుకెళ్ళింది కొత్తది."

పెట్టెని రోడ్డు మీద దించారు. వేడెక్కడానికి ట్యూబులకి నిమిషం పట్టింది, వీళ్ళకి అంత కూడా పట్టలేదు.