యెమాంజా రంగుపై ఏకగ్రీవ తీర్మానం

"గీ బొమ్మ నీ నౌకరికి ఎసరు పెడతది బిడ్డా," అంది సవరమ్మ కూతురు దీవెనతో. అప్పటికి బొమ్మ లేదు. బడి వార్షికోత్సవానికి ప్రపంచ చిత్రకళ ప్రదర్శించాలని కరస్పాండెంటు జకర్యాగారు ఆజ్ఞాపించారు, అంతే. బూర్గంపాడు మిషన్ బడిలో ఆరేళ్లుగా తాత్కాలిక డ్రాయింగ్ టీచరైన దీవెనకు ఆ రోజే పర్మనెంట్ ఆర్డరు ఇస్తామనీ సెలవిచ్చారు.

దీవెన నేటి బ్రెజిల్ చిత్రకారుల ధోరణిలో యెమాంజాను గీసింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా వెళ్లినవాళ్లు వెంట తీసుకుపోయిన సముద్రపు తల్లి. నీలి చీర, అలల జుట్టు, నల్లటి ఒళ్లు. దొరల కొరడాకు జడిసి వాళ్లు మరియమ్మ బొమ్మను ముందు పెట్టుకుని ఈ తల్లికే మొక్కేవారని కూడా అమ్మకు చెప్పింది. చరిత్ర సంగతి సవరమ్మకు పట్టలేదు. ఉపాయం మాత్రం పట్టింది.

అన్యదేవతను బడిలో పెట్టారన్న ఫిర్యాదుపై బడి కమిటీ హుటాహుటిన సమావేశమైంది. పిలవకుండానే వెళ్లిన సవరమ్మ, "మరియమ్మనే సారూ," అని మనవి చేసుకుంది. నలుగురు క్యాథలిక్ సభ్యులు హర్షం వెలిబుచ్చారు. మరియమ్మకు మొక్కని అయిదుగురు ప్రొటెస్టెంట్ సభ్యులు, మరియమ్మ అయితే మరీ ప్రమాదమని అసమ్మతి నమోదు చేయించారు. సవరమ్మదీ ప్రొటెస్టెంట్ సంఘమే. తనను ఆదివారం నుంచి వెలివేస్తారని ఆమె అక్కడికక్కడే నిశ్చయించుకుంది.

గంటన్నర వాదన తర్వాత, బడి చరిత్రలో మొదటిసారి రెండు వర్గాలూ ఒక్కమాట మీదికి వచ్చాయి. ఆమె ఎవరైనా సరే, ఇంత నలుపు పనికిరాదు. తీర్మానానికి లేచిన తొమ్మిది చేతులూ యెమాంజా రంగులోనే ఉన్నాయన్న సంగతి మినిట్స్‌కు ఎక్కలేదు.

"పవిత్రత అనేది ముఖంల కనపడాలె," అని జకర్యాగారు పదినిమిషాలు ప్రసంగించి, ఆర్డరు కాగితం, రెండు డబ్బాల తెల్లరంగు ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టారు. "ఇప్పుడే పూసెయ్ తల్లీ. నేను ఇప్పుడే సంతకం పెడత."

దీవెన నేల చూసింది. కమిటీ గడియారం చూసింది. కిటికీ అవతల ఇసుక లారీలు నాలుగు పోయాయి. ఎప్పుడూ ఏదో ఒక కీడు శంకిస్తూ మాట్లాడే సవరమ్మ, బిడ్డ నల్లని కాలి మడమల వైపు, కాగితం వైపు, వరసగా కూర్చున్న పెద్దల ముఖాల వైపు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది.

చివరికి సవరమ్మే అంది.

"రెండు డబ్బాలు సాలవు సారూ. మనమందరం ఉన్నం గద."