మొదటి మెట్టుకు ముందు మెట్టు

విజ్ఞానం అందరిదీ అయిపోయింది. తాళాలు తీసేశారు, కాపలావాళ్ళను పంపించేశారు, రుసుము ఎత్తేశారు. ఇక లోపలికి వెళ్ళే గుమ్మం ఎక్కడుందో చెప్పేవాళ్ళే తక్కువ. ఆ తక్కువమందిలో ఒకరిని నేను పెళ్ళి చేసుకున్నాను. ఇది ఫిర్యాదు అనుకోకండి (ఫిర్యాదే).

ప్రోగ్రాములు రాసి నడుపుకోవడానికి "పిచ్చుక" అని ఒక ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. దాని నవశిక్షిత సహాయ మండలికి (కొత్తవాళ్ళు ఇంటర్నెట్లో సందేహాలు రాసి అడిగే చోటు) మావారు అధ్యక్షులు. ముక్కూమొహం తెలియని వాళ్ళకు కూడా ఎంతో ఓపిగ్గా "పేజీ చదవండి" అని జవాబిస్తారు. పిచ్చుకను ఎలా వాడాలో చెప్పే ఆ పేజీని మండలివాళ్ళతో కలిసి రాసిందీ ఆయనే. (ఇంట్లో మాత్రం తువ్వాలు కళ్ళెదుట దండెం మీద వేలాడుతున్నా, ఏ పేజీ చదవకుండా నన్నే అడుగుతారు.)

నాకు ఈ పిచ్చుకతో పని పడింది. మా భవనంలో మేడ మీద బట్టలారేసుకునే వంతులు పై అంతస్తు రిటైర్డ్ ఆడిటరుగారు వేస్తారు. ఎండ తగిలే తీగ ఎప్పుడూ వారింటికే వస్తుంది. నీళ్ళ ట్యాంకు నీడ ఎప్పుడూ మాకే. ఆదివారం సమావేశానికల్లా పక్షపాతం లేకుండా వంతులు వేసే ప్రోగ్రాము తెస్తానని నలుగురిలో మాటిచ్చేశాను. తేలేకపోతే ఏడాదంతా ఆయన పట్టికే, మా దిండు గలీబులకు ముక్కవాసనే.

పుస్తకం చూసి ప్రోగ్రాము రాసేసుకున్నాను. నడపడానికి పిచ్చుకను కూడా దించుకున్నాను. "మొదటి మెట్టు: పిచ్చుకను తెరవండి" అంది పేజీ. తెరవబోతే, "పిచ్చుక ఎక్కడ?" అని కంప్యూటరు నన్నే అడిగింది.

హాల్లోకి వెళ్ళి అడిగితే మావారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇలా నోటితో అడక్కూడదోయ్. మండలిలో రాయి. పదిమందికీ పనికొస్తుంది."

వంటింట్లో కూర్చుని హాల్లోకి రాతపూర్వకంగా అడిగాను. మండలి నియమావళి ప్రకారం "నమస్కారం" తీసేశారు (అనవసర ప్రసంగం). "దయచేసి" తీసేశారు (ఒత్తిడి తేవడం). మిగిలిన ప్రశ్నను, ఇదివరకే వేరొకరు అడిగారని మూసేశారు. ఆ వేరొకరి ప్రశ్న వెతికి పట్టుకుంటే, దాన్నీ మూసేశారు. అదే ప్రశ్న ఇప్పుడు నేను అడిగానట.

"ఏమండీ, మీ పేజీలో ఏదో తప్పిపోయింది."

"అందరూ మెచ్చుకున్న పేజీ అది!"

"అందరూ అంటే?"

"రాసినవాళ్ళం."

ఆదివారం రానే వచ్చింది. పిట్టగోడ మీద నా ల్యాప్‌టాప్, చుట్టూ తడిబట్టల బకెట్లతో ఇరుగుపొరుగు. ఆడిటరుగారు తన పట్టికను ముందే జిరాక్సు తీయించి పట్టుకొచ్చారు.

"మా ఆవిడకు తొందరెక్కువ. పేజీలో ఉన్నది ఉన్నట్టు చేస్తే ఎందుకు రాదూ?" అంటూ మావారు ముందుకొచ్చి, తన పేజీని తానే తొలిసారి చదువుతూ మొదటి మెట్టెక్కారు.

"పిచ్చుక ఎక్కడ?" అంది కంప్యూటరు.

మావారు గబగబా ఏదో కొట్టబోయారు.

"అది పేజీలో లేదండీ," అన్నాను.

"పిచ్చుకను ఏ ఫోల్డర్లో పెట్టామో ముందు కంప్యూటరుకు చెప్పాలిగా! ఆమాత్రం ఎవరికైనా తెలుస్తుంది."

"నాకు తెలీదు అన్నయ్యగారూ," అంది భుజాన తడి దుప్పటితో పక్కింటావిడ.

ఆడిటరుగారు గొంతు సవరించుకున్నారు. "పోనీండి, అమ్మాయికి చేతకాలేదు, పాపం. ఈ ఏడాదికి నా పట్టికే కానిద్దాం."

మావారు ఆయన వంక చూశారు. నా వంక చూశారు. ట్యాంకు నీడ వంక కూడా చూశారు. చూసి, పేజీలో లేని ఆ వాక్యం కొట్టారు. పిచ్చుక లేచింది, నా ప్రోగ్రాము నడిచింది. ఎండతీగ పక్కింటావిడకు వచ్చింది, ట్యాంకు నీడ ఆడిటరుగారికి. (మాకు మధ్యతీగ. నేను దేన్నీ ముట్టుకోలేదు.)

"ఆ ఒక్క ముక్కా పేజీలో రాస్తే మీ సొమ్మేం పోయింది అన్నయ్యగారూ?" అంది పక్కింటావిడ దుప్పటి దులుపుతూ.

"తప్పు నాదేనమ్మా," అన్నారు మావారు, మేడంతా వినపడేలా. "తెలియనివాళ్ళు చదువుతారనుకోలేదు."